అరకు కొండల మీద పెత్తనం ఎవరిది?

డిసెంబరు రెండో వారం. హుకుంపేట మండలంలో ఒక కొండవాలు. పొద్దెక్కి గంటయినా మంచు విడవలేదు. సిల్వర్‌ఓక్ చెట్ల మీంచి నీటిబొట్లు టపటపా రాలుతున్నాయి. ఆ చెట్లకు అల్లుకున్న మిరియాల తీగల పక్కన, నడుముకు గుడ్డసంచి కట్టుకుని ఒకావిడ కాఫీ పండ్లు కోస్తోంది. ఎడమచేత్తో కొమ్మ వంచి, కుడిచేతి రెండు వేళ్లతో ఒక్కో పండునూ మెలిపెట్టి లాగుతోంది. ఒకే గుత్తిలోంచి ఎర్రపండ్లు సంచిలోకి పోతున్నాయి, పచ్చికాయలు కొమ్మకే ఉండిపోతున్నాయి. ఇలా ఒక్కో మొక్క దగ్గరికి మూడు నాలుగు సార్లు రావాలి. అన్నీ ఒక్కసారే దూసేస్తే పని తేలిక కదా అక్కా అన్నాను. "పచ్చికాయ కలిస్తే రేటు పడిపోద్ది బాబూ" అంది. తోట ఎవరిదని అడిగితే తలెత్తి, ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది. "ఎవరిదేంటి? మాదే."

ఆ తర్వాత అడిగిన ప్రశ్నలకు మాత్రం అంత ధీమాగా జవాబు రాలేదు. మొక్కలు ఎవరిచ్చారంటే పీవోగారు. ఊరికి రోడ్డు ఎవరు వేస్తారంటే పీవోగారు వేయాలి. బడికి పంతులు రావడం లేదని ఎవరికి చెప్పుకుంటారంటే పీవోగారికి అర్జీ పెట్టాం. పీవో అంటే సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ప్రాజెక్టు అధికారి. సాధారణంగా ఒక యువ ఐఏఎస్. పాడేరు ఐటీడీఏ పరిధిలోని పదకొండు మండలాల్లో ఆరు లక్షల మంది బతుకుల్లో ప్రభుత్వం అనే మాటకు దాదాపు ఆయన పేరే అర్థం. మంచివాడు వస్తే నాలుగు పనులవుతాయి. బదిలీ అయితే అర్జీలు మళ్లీ మొదటికొస్తాయి. పొలం "మాదే" అని అంత గట్టిగా చెప్పగలిగిన మనిషి, పాలన విషయంలో ఆ మాట ఎందుకు అనలేకపోతోంది? కొండ మీద నుంచి తెచ్చుకున్న ప్రశ్న ఇదొక్కటే.

దీనికి జవాబు వెతుకుతూ పద్నాలుగు వేల కిలోమీటర్ల అవతలికి ఒకసారి చూడాలి. కరీబియన్ సముద్రంలో డొమినికా అని ఒక బుల్లి ద్వీపం ఉంది. డొమినికన్ రిపబ్లిక్ వేరు, ఇది వేరు. విస్తీర్ణం 750 చదరపు కిలోమీటర్లు, జనాభా సుమారు డెబ్బై వేలు. అన్నీ కొండలే, అడవులే, వాగులే. 1978 నవంబరు 3న బ్రిటన్ నుంచి స్వాతంత్ర్యం పొందింది. 21 మంది ఎన్నికైన సభ్యులున్న శాసనసభ, ఒక ప్రధానమంత్రి, ఒక అధ్యక్షురాలు, ఐక్యరాజ్యసమితిలో ఒక ఓటు ఉన్నాయి. ఇప్పుడు మన లెక్క. పాడేరు డివిజన్‌లోని పదకొండు మండలాల విస్తీర్ణం ఆరు వేల చదరపు కిలోమీటర్లకు పైనే. అంటే నేలలోనూ, జనంలోనూ సుమారు ఎనిమిది డొమినికాలు. వీటికి ఉన్నది ఇద్దరు ఎమ్మెల్యేలు, అరకు, పాడేరు స్థానాల నుంచి. పార్లమెంటులో అయితే పాలకొండ, కురుపాం మొదలు రంపచోడవరం దాకా ఏడు శాసనసభ స్థానాలకు కలిపి ఒకే ఎంపీ.

ఈ కొండలకు వేరే దేశం కావాలని ఎవరూ అడగడం లేదు. నేనూ అనడం లేదు. చిన్న చోటు తన సంగతులు తాను చూసుకోలేదు, పైనుంచి ఎవరో చూడాలి అన్న నమ్మకం మన పాలనలో ఎముకల దాకా పాకింది. ఆ నమ్మకం ఎంత బోలుదో చూపడానికే ఈ పోలిక.

ముందు కొండ సంగతి. తూర్పు కనుమల్లో ఆంధ్రప్రదేశ్‌లోకెల్లా ఎత్తయిన శిఖరాలు ఇక్కడే ఉన్నాయి, 1,600 మీటర్లు దాటినవి. అరకులోయ, పాడేరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంటాయి. కింద మైదానంలో నిలబడి చూసేవాళ్లకు ఇది విహారస్థలం. నిజానికి ఇది మైదానం నీళ్లతొట్టి. గోస్తనీ ఈ కొండల్లో పుట్టి బొర్రా గుహలను తొలిచి తాటిపూడి జలాశయంలో చేరుతుంది. శారద అనంతగిరి కొండల నుంచి దిగుతుంది, దాని మీద రైవాడ ఉంది. ఈ రెండు జలాశయాలూ విశాఖపట్నానికి తాగునీళ్లిస్తున్నాయి. అటు పడమటి వైపు మాచ్‌ఖండ్ నది సీలేరుగా మారి, శబరిలో కలిసి, గోదావరి చేరుతుంది. రబీలో కోనసీమ రైతు వరికి పెట్టే నీళ్లలో సీలేరు వాటా ఎంతో డెల్టా ఇంజనీర్లను అడిగితే చెబుతారు.

ఆ నీళ్లు ఊరికే దిగిపోలేదు. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం మొదలైంది. తర్వాత ఎగువ సీలేరు, డొంకరాయి, దిగువ సీలేరు వచ్చాయి. ఉమ్మడి రాష్ట్రం పారిశ్రామికంగా నిలదొక్కుకోవడానికి ఈ కరెంటు తోడ్పడింది. డ్యాముల కింద మునిగిన పల్లెలవాళ్లు మాత్రం చీకట్లోనే మరో గట్టుకు సర్దుకున్నారు. 1960వ దశకంలో కొత్తవలస-కిరండూల్ రైలుమార్గం వచ్చింది. 58 సొరంగాలు తవ్వారు. శిమిలిగూడ స్టేషను దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంటుంది. ఇవాళ అద్దాల పెట్టెలో కూర్చుని సెల్ఫీలు దిగే ప్రయాణికుడికి తెలియకపోవచ్చు గానీ, ఆ లైను వేసింది బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు నుంచి జపానుకు పంపడానికి. కొండవాళ్ల ప్రయాణం కోసం వేసింది కాదు. కొండ నుంచి దించుకుపోయే దారులు ముందు పడ్డాయి. కొండ మీద ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోయే దారులు ఇప్పటికీ అన్నిచోట్లా పడలేదు. నిండు గర్భిణిని డోలీలో మోసుకొస్తున్న ఫొటో ప్రతి వానాకాలం పత్రికల్లో వస్తుంది. 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగుడ మండలంలో 'అడవితల్లి బాట' పేరుతో రోడ్ల పనులు ప్రారంభమయ్యాయి. మంచి పని. అవి పూర్తయి, డోలీ అటకెక్కిన రోజున మనస్ఫూర్తిగా మెచ్చుకుందాం.

మనుషుల విషయానికొస్తే, 'గిరిజనులు' అని ఒక్క మాటలో చుట్టబెట్టేయడం మనకు అలవాటు. భగత, కొండదొర, కోందు, పోర్జ, గదబ, వాల్మీకి, కోటియ, కమ్మర, నూకదొర... ఒక్కో తెగకు ఒక్కో చరిత్ర. ఊరికి నాయుడుంటాడు, పూజారి ఉంటాడు, దిశారి ఉంటాడు, కబురు చాటే బారికి ఉంటాడు. చైత్రంలో ఇటుకల పండగ చేస్తారు. ఏ పంటైనా కొత్త పెట్టుకోనిదే నోట పెట్టరు. ఇళ్లలో కువి, కొండ, పోర్జ, గదబ భాషలు వినిపిస్తాయి. తెగకూ తెగకూ మధ్య మాటకు ఆదివాసీ ఒడియా పనికొస్తుంది. సంతలో, ఆఫీసులో తెలుగు. మనం తరచూ మరిచిపోయే సంగతి ఇంకొకటుంది. కువి, కొండ భాషలు తెలుగుకు తోబుట్టువులు, దక్షిణ మధ్య ద్రావిడ శాఖలో ఒకే గూటివి. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి అరకు ప్రాంతంలో తిరిగి, మనుషుల నోట విని రాసుకుని, 1969లో కొండ భాష మీద పుస్తకమే వేశారు. తెలుగు పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవాలంటే కొండెక్కాలని ఆయనకు తెలుసు. మన విద్యాశాఖ ఆ భాషల్లో మాతృభాషా వాచకాలు తెచ్చింది, తర్వాత వాటిని నిలబెట్టుకోలేకపోయింది.

ఇక పాలన. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే చిక్కంతా ఇక్కడే ఉంది. ఈ ప్రాంతాన్ని మనం 'ఏజెన్సీ' అంటాం. ఆ మాట ఎక్కడిదో ఆలోచించం. 1839లో కంపెనీ ప్రభుత్వం గంజాం, విశాఖపట్నం కొండలకు మామూలు చట్టాలు, కోర్టులు వర్తించవని చెప్పి, కలెక్టరుకు 'గవర్నరు ఏజెంటు' హోదా ఇచ్చింది. ఏజెంటు ఏలే చోటు గనుక ఏజెన్సీ. ఒక్క మనిషి చేతిలో అన్ని అధికారాలూ పెట్టి, కింద ముఠాదార్లతో శిస్తు వసూలు చేయించుకునే పద్ధతి అది. 1882 మద్రాసు అటవీ చట్టం పోడును నేరం చేసింది. లంబసింగి వైపు రోడ్డు పనుల్లో బాస్టియన్ అనే డిప్యూటీ తహసీల్దారు కూలీ ఎగ్గొట్టి జనాన్ని పీడించాడు. అల్లూరి సీతారామరాజు వెనుక గాము గంటందొర, మల్లుదొర లాంటివాళ్లు ఎందుకు నిలిచారో తెలియడానికి ఈ రెండు సంగతులు చాలు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద పడ్డారు. 1924 మే 7న రాజును కొయ్యూరు దగ్గర కాల్చి చంపారు. తిరుగుబాటు మొదలైన నూరేళ్లకు, 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఆయన పేరుతో జిల్లా ఏర్పడింది. ముంచింగిపుట్టువాళ్లు కలెక్టరును కలవాలంటే 150 కిలోమీటర్లు దాటి విశాఖ పోవలసిన బాధ తప్పింది. అది నిజమైన మేలు. అయితే ఏజెంటు పోయి కలెక్టరు, కలెక్టరు పక్కన పీవో... కుర్చీల పేర్లు మారినంతగా కుర్చీ తీరు మారలేదు.

కాగితం మీద చూస్తే స్వపాలనకు ఇంతకంటే గట్టి హామీలు దేశంలో తక్కువ. రాజ్యాంగం ఐదో షెడ్యూలు ఉంది. షెడ్యూల్డు ప్రాంతాలకు ప్రత్యేక నిబంధనలు చేసే అధికారం గవర్నరుకు ఇచ్చింది. సలహాకు గిరిజన సలహా మండలి పెట్టింది. 1996లో పార్లమెంటు షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీల కోసం పీసా చట్టం చేసింది. భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదించాలి, చిన్న ఖనిజాలకు దాని సిఫార్సు కావాలి, అటవీ ఫలసాయం, సంతలు, వడ్డీ వ్యాపారం, సారా మీద దానికి అదుపు ఉండాలి అని చెప్పింది. దీనికి మన రాష్ట్రంలో నియమాలు రావడానికి 2011 దాకా పట్టింది. చట్టానికీ నియమాలకూ మధ్య పదిహేనేళ్లు. ఆ లోపు పుట్టిన పిల్లలు పదో తరగతికి వచ్చేశారు. 2006 అటవీ హక్కుల చట్టం ఇంకో మెట్టు ఎక్కి, అడవిని కాపాడుకునే అధికారమే గ్రామసభదని చెప్పింది. వ్యక్తిగత పట్టాలు కొన్ని వేలమందికి అందాయి. ఊరుమ్మడి అడవి హక్కు దగ్గర మాత్రం అటవీశాఖ చెయ్యి బిగుసుకుంటుంది.

డొమినికాలోనూ ఆదివాసులున్నారు, కలినాగోలు. 1903లో బ్రిటిష్ అధికారి హెస్కెత్ బెల్ వాళ్లకు 3,700 ఎకరాలు కేటాయించాడు. ఆ నేల ఊరుమ్మడి, అమ్మడం కొనడం లేదు. 1930లో పోలీసులతో ఘర్షణ జరిగాక తెగపెద్ద పదవినే రద్దు చేశారు, 1952లో మళ్లీ తెచ్చారు. ఇప్పుడు ఐదేళ్లకోసారి ఓటేసి పెద్దనూ మండలినీ ఎన్నుకుంటారు. వాళ్లకూ ఇబ్బందులున్నాయి. విడి పట్టా లేదు గనుక బ్యాంకు అప్పివ్వదు. యువకులు వలసపోతున్నారు. 2023 అక్టోబరులో కలినాగో మహిళ సిల్వేనీ బర్టన్ ఆ దేశాధ్యక్షురాలయ్యారు. అంతకు ఏడాది ముందే మన రాష్ట్రపతి భవన్‌లో సంతాల్ మహిళ ద్రౌపదీ ముర్ము అడుగుపెట్టారు. రెండూ గర్వించదగ్గవే. కానీ పీఠం పైన ఒకరు కూర్చోవడం వేరు, ఊరి సంగతి ఊరు తేల్చుకోవడం వేరు. రెండోది ఉంటేనే మొదటిదానికి బలం.

ఇక్కడొక ఆక్షేపణ వినిపిస్తుంది. ఈ రక్షణ చట్టాలే అభివృద్ధికి అడ్డమని. 2025 ఆరంభంలో విశాఖలో జరిగిన పర్యాటక పెట్టుబడుల సదస్సులో శాసనసభాపతి 1/70 చట్టం సవరణ ప్రస్తావన తెచ్చారు. ఫిబ్రవరి 11, 12 తేదీల్లో మన్యం రెండు రోజులు బంద్ పాటించింది. చట్టం జోలికి పోబోమని ముఖ్యమంత్రి ప్రకటించాల్సి వచ్చింది. ప్రకటన వచ్చింది గనుక గొడవ సద్దుమణిగింది. వాదన మాత్రం బతికే ఉంది, ఇంకోసారి ఇంకో వేదిక మీద పైకి లేస్తుంది. కాబట్టి దాన్ని ఎదురుగా నిలబెట్టి చూడాలి.

1970లో వచ్చిన ఒకటో రెగ్యులేషనుకే 1/70 అని వాడుక. 1917 నాటి మద్రాసు చట్టం, 1959 నాటి రెగ్యులేషను దీనికి ముందువి. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరులకు బదిలీ కాకూడదు, గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి కూడా మొదట గిరిజనుడిదే అని భావించాలి అన్నది దీని సారం. అనంతగిరి మండలం నిమ్మలపాడు దగ్గర కాల్సైట్ గనుల లీజుల మీద 'సమత' సంస్థ కోర్టుకెక్కింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ప్రభుత్వం కూడా ఈ చట్టం కింద ఒక 'వ్యక్తే', అది తన భూమినైనా సరే షెడ్యూల్డు ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వకూడదని. దేశంలో ఆదివాసీ హక్కుల మీద మాట్లాడేవాళ్లెవరూ ఈ తీర్పు పేరెత్తకుండా ఉండలేరు. అది మన అనంతగిరి పల్లెల్లోంచి వచ్చిందన్న సంగతి తెలుగువాళ్లలోనే చాలామందికి తెలియదు.

ఇప్పుడు అడ్డమన్న మాటకు కాఫీని సాక్ష్యం పిలుద్దాం. 1898 నాటికే పాములేరు లోయలో ఒక ఇంగ్లిషువాడు కాఫీ వేశాడు. 1960ల్లో అటవీశాఖ, డెబ్బైల నుంచి గిరిజన సహకార సంస్థ, అంటే జీసీసీ, తోటలు పెంచాయి. మొదట్లో అవి సర్కారు ఎస్టేట్లు, గిరిజనుడు కూలి. తర్వాత ఎకరం, రెండెకరాల చొప్పున గిరిజన రైతులకే తోటలు వేయించే పథకాలు వచ్చాయి. పోడు కొట్టే వాలుల మీదే నీడచెట్లు, వాటి కింద కాఫీ, చెట్లకు మిరియం. ఆర్‌వీ నగర్‌లో కాఫీ బోర్డు పరిశోధన కేంద్రం ఉంది. ఇవాళ ఈ కొండల కాఫీలో అత్యధిక భాగం చిన్న రైతులదే. చిక్‌మగళూరులో, కూర్గులో పెద్ద ఎస్టేట్లూ ఉన్నాయి. ఇక్కడ ఎకరం తోటల రాజ్యం. 2017లో పారిస్‌లో అరకు కాఫీ దుకాణం తెరిచారు. మరుసటి ఏడాది అక్కడి పోటీలో బంగారు పతకం వచ్చింది. 2019లో 'అరకు వ్యాలీ అరబికా'కు భౌగోళిక గుర్తింపు దక్కింది. 2025లో పార్లమెంటు ఆవరణలో స్టాలు పెట్టారు. 1/70 లేకపోయి ఉంటే ఈ వాలులన్నీ ఎప్పుడో మైదానంవాళ్ల ఎస్టేట్లయ్యేవి. హుకుంపేట కొండ మీద ఆవిడ అదే మొక్కను అదే చేత్తో కోస్తూ ఉండేది, "మాదే" అనే మాట మాత్రం ఉండేది కాదు. చట్టం అడ్డుపడ్డది అభివృద్ధికి కాదు, అన్యాక్రాంతానికి. అప్పటికీ అరకు బస్టాండు చుట్టుపక్కల బినామీ పేర్ల మీద లేచిన లాడ్జిలు, రిసార్టులు ఎన్నో స్థానికులు వేలు పెట్టి చూపిస్తారు. ఈ భూబదిలీ రెగ్యులేషను కింద నడిచే ఎల్‌టీఆర్ కేసుల్లో గిరిజనుడికి అనుకూలంగా తీర్పొచ్చినా భూమి స్వాధీనంలోకి రాక ఏళ్లు గడుస్తాయి.

ఇక బాక్సైటు. 2005 నుంచి ఒప్పందాలు జరిగాయి. 2015 నవంబరులో చింతపల్లి, జెర్రెల అడవుల్లో 1,212 హెక్టార్లు తవ్వకాలకు మళ్లిస్తూ 97వ నంబరు జీవో వచ్చింది. జనం తిరగబడ్డారు, జీవో ఆగింది, 2019లో రద్దయింది. ఈ కొండల నెత్తిన బాక్సైటు పొర స్పంజిలా వాననీరు పట్టి ఉంచి ఊటలుగా వదులుతుంది. ఆ ఊటలతోనే గరువు కింది పల్లాల్లో వరి పండుతుంది. ఆ ఊటలే కిందికెళ్లి శారద, గోస్తనీలవుతాయి. గ్రామసభలో కూర్చునే ఏ ముసలాయనకైనా ఇది తెలుసు. ఆయన్ని ముందే అడిగి ఉంటే పద్నాలుగేళ్ల గొడవ తప్పేది. ఇప్పుడు పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టులంటూ అనంతగిరి, కొయ్యూరు వైపు సర్వేలు నడుస్తున్నాయి. మళ్లీ అదే తంతు. ముందు రాజధానిలో జీవో, తర్వాత ఊళ్లో గొడవ, చివరికి గ్రామసభ. పీసా చెప్పింది సరిగ్గా దీనికి తలకిందులు.

కాఫీ ఒక్కటే నమ్ముకుంటే ఏమవుతుందో డొమినికా అనుభవం చెబుతుంది. దాని బతుకు అరటి గెల మీద నడిచేది. చిన్న రైతులు పండించేవారు, బ్రిటన్ కొనేది, వలసకాలపు బంధంతో సుంకాల్లో రాయితీ ఉండేది. అమెరికా, కొన్ని లాటిన్ అమెరికా దేశాలు దాని మీద ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లాయి. 1997లో తీర్పు వాళ్లకు అనుకూలంగా వచ్చింది. ఆ ద్వీపంలో వేల కుటుంబాలు అరటి వదిలేశాయి. 2017 సెప్టెంబరు 18న మరియా తుపాను ఒక్క రాత్రిలో చెట్టూ చేమా ఊడ్చేసింది. నష్టం ఆ దేశ స్థూల దేశీయోత్పత్తికి రెండింతలు దాటింది. ఇప్పుడది పాస్‌పోర్టులు అమ్మి ఖజానా నింపుకుంటోంది. సొంత ప్రభుత్వం ఉన్నంతమాత్రాన కష్టాలు తీరవు, ఒప్పుకోవాలి. కానీ అక్కడ ఏం చేయాలో వాదించుకోవడానికి వాళ్లకొక సభ ఉంది.

మన కొండలకూ హుద్‌హుద్ తుపాను తగిలింది, 2014 అక్టోబరు 12న. సిల్వర్‌ఓక్ ఆస్ట్రేలియా చెట్టు, త్వరగా ఎదుగుతుంది, గాలికి పెళుసుగా విరుగుతుంది. అనంతగిరి, అరకు తోటల్లో ఆ చెట్లు విరిగి కాఫీ మొక్కల మీదే పడ్డాయి. నీడ పోయి ఎండ తగిలి మిగిలినవి మాడాయి. పనస, మామిడి, నేరేడు లాంటి నాటుచెట్ల నీడ ఉన్నచోట దెబ్బ తక్కువని రైతులు అన్నారు. ఏ చెట్టు వేయాలో పథకం రాసినవాళ్లు నిర్ణయించారు, ఎకరం తోటవాళ్లను అడగలేదు. ధర సంగతీ అంతే. న్యూయార్కులో అరబికా 2001లో పౌనుకు అర డాలరు దిగువకు పడింది. 2025 ఫిబ్రవరిలో నాలుగు డాలర్లు దాటింది. ఆ ఊపు సంతకు చేరేసరికి ఎంత మిగిలిందన్నది జీసీసీ ఎంత ముందుగా రేటు ప్రకటిస్తుంది, డబ్బు ఎన్ని రోజుల్లో చేతికిస్తుంది అన్నదాని మీద ఆధారపడుతుంది. శుక్రవారం అరకు సంతకు వెళ్లి ఒక మూల నిలబడితే అర్థమవుతుంది. బిల్లు కోసం ఆగలేని రైతు పొట్టు తీయని కాఫీ గింజల (పార్చ్‌మెంటు) మూటను సావుకారి కాటా మీద పెడతాడు. ముల్లు ఇంకా ఊగుతుండగానే సావుకారి అంకె చెప్పేస్తాడు. నోట్లు అక్కడికక్కడే. పెళ్లికో, ఆసుపత్రికో అతని దగ్గరే నిరుడు తెచ్చిన అప్పు ముందే పట్టుకుంటాడు. పసుపు, పిప్పళ్లు, రాజ్‌మా, వలిసెలు, చింతపండు, కొండచీపుర్లు... ఆ కాటా మీద ఎక్కేవన్నీ అంతే. గంజాయి ఈ కొండల్లోకి పాకింది ఈ పగులులోంచే. బయటి వ్యాపారి విత్తనంతోపాటు ముందే డబ్బిచ్చాడు. 2021-22లో పోలీసులు వేలాది ఎకరాల్లో మొక్కలు పీకారు. జైలుకు పోయినవాళ్లలో మోసిన కుర్రాళ్లు ఎక్కువ, డబ్బు పెట్టినవాళ్లు తక్కువ.

బడి మాట చెప్పకుండా ఈ వ్యాసం ముగించలేను. 2000 జనవరి 10న వచ్చిన 3వ నంబరు జీవో షెడ్యూల్డు ప్రాంత బడుల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అంది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం నూరు శాతం చెల్లదని కొట్టేసింది. తీర్పు శిరోధార్యమే. కానీ సమస్య రిజర్వేషను శాతానిది మాత్రమే కాదు. ఒకటో తరగతి పిల్ల కువిలో మాట్లాడితే అర్థమయ్యే పంతులు కావాలి. స్థానిక భాష వచ్చి ఉండటాన్ని అర్హతగా పెట్టి కొత్త నిబంధన తెచ్చే దారి ఉంది, ఐదో షెడ్యూలు అందుకే ఉంది. సలహా మండలి ఏడాదికి ఎన్నిసార్లు కూర్చుంటోంది, కూర్చున్నప్పుడు దీని మీద ఏం రాసింది అని గవర్నరును అడగవలసిన బాధ్యత ఎమ్మెల్యేలది.

అడగాల్సినవి నిజానికి పెద్దవేమీ కాదు. జీసీసీ పాలకవర్గంలో కాఫీ రైతులు ఓటేసి పంపిన మనిషి ఉండాలి. పండు కోత మొదలవ్వకముందే రేటు పలకాలి. ఐటీడీఏ బడ్జెట్టులో ఊరి వాటా ఎంతో ఊరికి ముందే తెలియాలి, దేనికి ఖర్చు పెట్టాలో గ్రామసభ రాయాలి. పీసా గ్రామసభకు ఉపాధ్యక్షుణ్నీ కార్యదర్శినీ ఎన్నుకునే ఏర్పాటు నియమాల్లో ఉంది. ఎన్నికైనవాళ్లకు ఒక గది, ఒక రిజిస్టరు, ఒక గుమస్తా ఇవ్వాలి. నీళ్లకూ కరెంటుకూ కొండకు రావలసిన వాటా లెక్క తేల్చాలి. విశాఖ కుళాయిలో వచ్చే ప్రతి బిందె మీద శారద, గోస్తనీల పుట్టిల్లు ఎక్కడో రాసి ఉండదు గానీ, నగర పాలక సంస్థ చెల్లించే బిల్లులో ఒక పద్దు రాయడం కష్టం కాదు.

2025 ఆగస్టు, సెప్టెంబరుల్లో అరకులోయ మండలంలో కాయతొలుచు పురుగు కనబడింది. ఈ కొండల్లో కాఫీకి అంతకుముందు తెలియని చీడ. కాయలోకి దూరి గుడ్లు పెడుతుంది, గింజను గుల్ల చేస్తుంది. అధికారులు పురుగు పట్టిన తోటల్లో కాయంతా దూయించి, వేడినీళ్లలో ముంచి, పూడ్చిపెట్టమన్నారు. పరిహారం ఇస్తామన్నారు. చేయవలసిన పనే. ఆ రోజుల్లో ఒక పల్లెలో రచ్చచెట్టు కింద ఈ కబురు చెబుతుంటే నేను అక్కడ ఉన్నాను. ఇరవై మంది మగవాళ్లు ముందు, ఆడవాళ్లు వెనుక. వచ్చినాయన తెలుగులో గడగడా చెప్పుకుపోతున్నాడు. వెనుక నుంచి ఒక ముసలామె లేచి కువిలో ఏదో అడిగింది. ఆయనకు అర్థంకాలేదు. పక్కనున్న డిగ్రీ చదివే కుర్రాడు తెలుగు చేసి చెప్పాడు. "మా తోటలో దూసేస్తాం. గట్టుకవతల సర్కారు తోట ఉంది కదా, అది ఎవరు దూస్తారు అంటోంది సార్." ఆయన కాసేపు ఫైలు తిరగేశాడు. పైవాళ్లను కనుక్కుని చెబుతానన్నాడు. ముసలామె కూర్చోలేదు. ఆ మాట పుస్తకంలో రాయమంది.